అక్క మలం ఎక్కిస్తే తమ్ముడి కొలైటిస్ తగ్గుతుందా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 26 ఏళ్ళు, చెన్నైలో ఉద్యోగం. మూడేళ్ళ కిందట అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు అని తేలింది. జబ్బు పెద్దపేగు ఎడమ సగంలో ఉందని కొలనోస్కోపీ రిపోర్టు. మెసలమిన్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నా, గడిచిన ఏడాదిలో మూడుసార్లు స్టెరాయిడ్ కోర్సు వాడాల్సి వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఆమదాలవలస దగ్గర మీ ఊరు వచ్చేశాడు. రోజుకు నాలుగైదుసార్లు నెత్తురు, బంక పడుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలం ఎక్కిస్తే ఈ జబ్బు పోతుందని వీడియోలో చూశారు. మీకు ఏ జబ్బూ లేదు కాబట్టి మీ మలాన్నే సెలైన్‌లో కలిపి, మిక్సీ పట్టి, వడగట్టి ఇంట్లోనే ఎనిమాగా ఇవ్వొచ్చా అని అడిగారు. ఇది ఎక్కడ చేస్తారు, తిండి ఏం పెట్టాలి, పెళ్ళి చేయొచ్చా అని కూడా అడిగారు.

తమ్ముడి కోసం ఈ పనికి కూడా వెనకాడని మీ మనసు నాకు అర్థమైంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాతికేళ్ళకు పైగా పేగు జబ్బులు చూస్తున్నాను. ఈ జబ్బు ఇంటిల్లిపాదినీ ఎంత నలిపేస్తుందో తెలుసు. అందుకే మొహమాటం లేకుండా ముందే చెప్తున్నాను: ఇంట్లో చేయకండి. మీ మలంతో అసలే వద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తాను. దానికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మీ తమ్ముడికి ఇప్పటిదాకా సరిగ్గా అందని మామూలు వైద్యమే చాలా మిగిలి ఉందని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది.

అలాగని ఈ వైద్యం మూఢనమ్మకం కాదు. దీన్ని మలమార్పిడి అనవచ్చు, డాక్టర్లు ఎఫ్‌ఎంటీ అంటారు. పేరు చెప్పగానే మనవైపు జనం "మలం మందేటండి బాబూ" అని ముఖం తిప్పుకుంటారు. కానీ 1958లోనే అమెరికాలో డెన్వర్‌లో బెన్ ఐస్‌మన్ అనే సర్జన్, ఆయన తోటివారు యాంటీబయాటిక్స్ తర్వాత పేగు తీవ్రంగా చెడిపోయిన నలుగురికి మలం ఎనిమా ఇచ్చారు, నలుగురూ కోలుకున్నారు. ఆ జబ్బుకు కారణం క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా అని తెలియడానికి ఇంకో 20 ఏళ్ళు పట్టింది. 2013లో నెదర్లాండ్స్ డాక్టర్లు దీన్ని పద్ధతిగా పరీక్షించారు. ఆ బ్యాక్టీరియా మళ్ళీమళ్ళీ తిరగబెడుతున్నవాళ్ళలో, ఒక్కసారి మలం ఎక్కించగానే 16 మందిలో 13 మందికి తగ్గింది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే వాడిన 13 మందిలో నలుగురికే తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. 2022, 2023లలో అమెరికా ప్రభుత్వం మలం నుంచి తయారైన రెండు మందులకు అనుమతి ఇచ్చింది. రెండూ ఆ డిఫిసిల్ జబ్బు తిరగబెట్టకుండా వాడటానికే. అల్సరేటివ్ కొలైటిస్‌కు కాదు. మీరు చూసిన వీడియోలో ఈ రెండు జబ్బుల్నీ కలిపేసి చెప్పి ఉంటారని నా అనుమానం.

ఈ తేడా మీకు బాగా తెలియాలి. వ్యవసాయం ఉన్న ఇల్లు కాబట్టి ఆ మాటల్లోనే చెప్తాను. మన పెద్దపేగు ఒక మడి అనుకోండి. ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని ఒక అంచనా. వాటిలో దాదాపు అన్నీ ఈ మడిలోనే ఉంటాయి. యాంటీబయాటిక్ అనే కలుపుమందు కొడితే పైరంతా చచ్చిపోయి, ఒక్క మొండి తుంగ మాత్రం మిగిలి మడంతా ఆక్రమించింది. అదే డిఫిసిల్ జబ్బు. నేల మాత్రం బాగానే ఉంది. మంచి నారు తెచ్చి ఊడిస్తే పైరు పట్టుకుంటుంది, తుంగ అణిగిపోతుంది. అందుకే అక్కడ ఒక్కసారికే పని జరుగుతుంది.

అల్సరేటివ్ కొలైటిస్‌లో చెడింది పైరు ఒక్కటే కాదు, నేల కూడా. మన రోగనిరోధక శక్తే పేగు లోపలి పొర మీద విరుచుకుపడుతుంది. ఆ పొరకు తిండి పెట్టేది బ్యూటిరేట్ అనే పదార్థం. మనం తిన్న పీచుని పులియబెట్టి కొన్ని మంచి బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో ఆ బ్యాక్టీరియా తగ్గిపోతాయి. నిజమే. అవి తగ్గడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల అవి తగ్గాయా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. పైగా ఆ మంచి బ్యాక్టీరియాలో చాలావాటికి గాలి తగిలితే బతుకు లేదు. మంట ఉన్న పేగులో ఆక్సిజన్ ఎక్కువగా ఊరుతుంది. భావనపాడు పక్క ఉప్పునీరు ఎక్కిన పొలంలో ఎంత మంచి నారు వేసినా ఎలా మాడిపోతుందో, అలాగే మంట తగ్గని పేగులో కొత్త బ్యాక్టీరియా నిలదొక్కుకోవడం కష్టం.

అయినా ప్రయత్నించినవాళ్ళు ఉన్నారు. 1989లో బెన్నెట్ అనే డాక్టర్ తనకే ఉన్న అల్సరేటివ్ కొలైటిస్‌కు ఆరోగ్యవంతుల మలాన్ని ఎనిమాగా తీసుకున్నాననీ, జబ్బు లక్షణాలు పోయాయనీ లాన్సెట్ పత్రికకు రాశాడు. ఇంటి వైద్యం వీడియోలకు మూలం ఇలాంటి కథలే. ఒక మనిషి అనుభవం ఆశ పుట్టిస్తుంది. కానీ ఈ జబ్బుకు తనంతట తాను తగ్గే కాలాలు కూడా ఉంటాయి. అందుకే కొందరికి అసలు మలం, కొందరికి ఉత్తి నీళ్ళో తమ సొంత మలమో ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో చెప్పకుండా పోల్చి చూడాలి.

అలా 2015లో కెనడాలో 75 మందికి వారానికోసారి చొప్పున ఆరు వారాలు ఎనిమా ఇచ్చారు. జబ్బు పూర్తిగా అణిగింది అసలు మలం అందినవాళ్ళలో 24 శాతానికి, నీళ్ళు అందినవాళ్ళలో 5 శాతానికి. ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే సంగతి. తగ్గిన తొమ్మిది మందిలో ఏడుగురికి ఒకే దాత మలం అందింది. మిగతా దాతలందరూ ఆరోగ్యవంతులే, అన్ని పరీక్షలూ పాసైనవాళ్ళే. అయినా వాళ్ళ మలం దాదాపు పనిచేయలేదు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో ముక్కు గొట్టం ద్వారా రెండుసార్లు మాత్రమే ఇచ్చిన ట్రయల్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2017లో ఆస్ట్రేలియాలో ఒక్కొక్కరికీ ముగ్గురి నుంచి ఏడుగురి దాకా దాతల మలం కలిపి, వారానికి ఐదు రోజులు, ఎనిమిది వారాలు ఇచ్చారు. అంటే మొత్తం 40 ఎనిమాలు. 27 శాతానికి, అవతల 8 శాతానికి తగ్గింది. 2019లో అదే దేశంలో గాలి తగలకుండా తయారుచేసిన మలంతో 32 శాతం, సొంత మలంతో 9 శాతం. మొదట తగ్గిన ఆ 12 మందిలో ఏడాది తర్వాత కూడా బాగున్నవాళ్ళు ఐదుగురు.

ఈ అంకెలు ఇంత విడమరచి ఎందుకు రాశానంటే, మీరు ఇంట్లో చేద్దామనుకున్న పద్ధతి వీటిలో దేనికీ దగ్గరగా రాదు. ఒక్క దాత, ఒకటి రెండుసార్లు, మిక్సీలో గాలి కలిపి కొట్టిన మలం. మిక్సీ తిరిగే ఆ రెండు నిమిషాల్లోనే మనకు కావలసిన బ్యాక్టీరియాలో చాలా భాగం చచ్చిపోతుంది. గాలికి బతకగలిగే మొండివి మిగులుతాయి.

మన దేశంలో కూడా మంచి పని జరిగింది. లూధియానాలోని దయానంద్ మెడికల్ కాలేజీలో, జబ్బు అణిగినవాళ్ళకు ఎనిమిది వారాలకోసారి ఏడాది పొడుగునా మలం ఎక్కిస్తే మళ్ళీ రాకుండా ఉంటుందా అని చూశారు. లక్షణాల్లో తేడా నిర్ధారణగా తేలలేదు. కానీ కొలనోస్కోపీలో పేగు మానినట్టు కనబడింది 58 శాతానికి, అవతల 27 శాతానికి. ఢిల్లీ ఎయిమ్స్‌వాళ్ళు 2022లో ఇంకో మెట్టు ఎక్కారు. పల్లెటూళ్ళలో ఉండే ఆరోగ్యవంతుల్ని దాతలుగా తీసుకుని, ఏడు వారాలు వారానికోసారి కొలనోస్కోపీ ద్వారా మలం ఎక్కిస్తూ, దానితోపాటు ప్రత్యేకమైన తిండి పెట్టారు. ఎనిమిది వారాలకు వాళ్ళలో 60 శాతానికి, మామూలు మందులు వాడినవాళ్ళలో 32 శాతానికి లక్షణాలు అణిగాయి. లక్షణాలూ పోయి, పేగు కూడా మానింది 36 శాతానికి, అవతల 9 శాతానికి. ఆ తర్వాత మలం ఆపేసి, తిండి మాత్రం ఏడాది దాకా కొనసాగించారు. ఆ తిండిలో ఉన్నవాళ్ళలో పావు వంతు మందికి పేగు మానే ఉంది. కాబట్టి మొదట తగ్గినదాంట్లో మలం వాటా ఎంత, తిండి వాటా ఎంత అని విడదీసి చెప్పలేం. నా మటుకు నేను తిండి వాటా తక్కువేం కాదనుకుంటున్నాను.

ఈ ట్రయల్స్ అన్నీ దాదాపు తక్కువ, మధ్యస్థ తీవ్రత ఉన్నవాళ్ళ మీద చేసినవే. జబ్బు ఎక్కువగా రాజుకుని ఉన్నవాళ్ళ మీద కాదు. 2024లో అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం తన మార్గదర్శకాల్లో, అల్సరేటివ్ కొలైటిస్‌కు మలమార్పిడిని ట్రయల్స్‌లో తప్ప మామూలు వైద్యంగా వాడవద్దని సూచించింది. నేనూ అదే పాటిస్తాను. పనిచేయదని కాదు. ఎవరికి పనిచేస్తుందో, ఏ దాతది పనిచేస్తుందో, ఎన్నాళ్ళు నిలుస్తుందో ముందుగా చెప్పే దారి ఇంకా దొరకలేదు.

ఇక మీ మలం సంగతి. అక్కనే కదా, రక్తం కలుస్తుంది కదా, అది మంచిదే కదా అని రాశారు. ఇక్కడ అదే అడ్డు. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే, మలం బ్యాంకులు ఆ ఇంటివాళ్ళను దాతలుగా తీసుకోవు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని పెరిగారు. మీ పేగులోని బ్యాక్టీరియాకూ అతని బ్యాక్టీరియాకూ పోలికలు ఉండొచ్చు. జబ్బుకు దారితీసే లక్షణం మీలో నిద్రపోతూ కూడా ఉండొచ్చు. ఈ మధ్య కాన్పు అయిందనీ, ఆపరేషన్ చేశారనీ కూడా రాశారు. ఆపరేషన్‌తోపాటు యాంటీబయాటిక్స్ ఇచ్చే ఉంటారు. గడిచిన మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్ళు దాతలుగా పనికిరారు.

దాతకు హెచ్ఐవీ, హెపటైటిస్ ఎ, బి, సి, సిఫిలిస్, సాల్మొనెల్లా, షిగెల్లా, జియార్డియా, నులిపురుగులు, డిఫిసిల్, మందులకు లొంగని బ్యాక్టీరియా, ఇలా చాంతాడంత పరీక్షలు చేస్తారు. షుగరు, ఊబకాయం, ఆటోఇమ్యూన్ జబ్బులు ఉంటే వద్దంటారు. అమెరికాలోని మలం బ్యాంకుకు ముందుకొచ్చిన ప్రతి వంద మందిలో ఐదుగురు కూడా ఈ వడపోతలో నిలవలేదు. ఒంట్లో ఏమీ లేదు, రాయి అరిగించుకుంటాను అనుకునే మనిషి మలంలో కూడా మొండి బ్యాక్టీరియా ఉండొచ్చు. మన దేశంలో యాంటీబయాటిక్స్ అడ్డూఅదుపూ లేకుండా వాడటం వల్ల ఇది చాలా మామూలైపోయింది. మోసేవాడికి ఏమీ కాదు. పేగు పుండై, స్టెరాయిడ్‌తో రక్షణ శక్తి తగ్గినవాడికి మాత్రం అది ప్రాణం మీదకు వస్తుంది. 2019లో అమెరికాలో పేరున్న చోట, పద్ధతిగా తయారైన క్యాప్సూల్స్ తీసుకున్న ఇద్దరికి ఒకే దాత నుంచి ఇలాంటి ఈ. కోలై సోకింది. ఒకరు చనిపోయారు. ఆ క్యాప్సూల్స్ తయారైన రోజుల్లో ఆ ఒక్క బ్యాక్టీరియాకూ పరీక్ష చేయలేదు. అంత జాగ్రత్త ఉన్నచోటే అలా జరిగింది.

కొన్నేళ్ళ కిందట టెక్కలి వైపు నుంచి ఒక కుర్రాణ్ణి అర్ధరాత్రి తీసుకొచ్చారు. చలి, వణుకు, 103 డిగ్రీల జ్వరం, బీపీ పడిపోయింది. ఏమైందని ఎంత అడిగినా ఇంట్లోవాళ్ళు తలలు దించుకున్నారు. తెల్లవారాక తల్లి నన్ను పక్కకు పిలిచి, రెండు రోజుల కిందట తన మలంతో ఎనిమా ఇచ్చానని ఏడ్చింది. రక్తంలో బ్యాక్టీరియా పెరిగింది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. ఆ తల్లిని నేను ఒక్క మాట కూడా అనలేదు. అంతకుముందు ఆరు నెలలు ఆ పిల్లాడు నా దగ్గరే వాడుతున్నాడు. మలమార్పిడి గురించి రెండుసార్లు అడిగితే, ఇప్పుడు టైం లేదు, తర్వాత చెప్తాను అన్నాను. నేను చెప్పకపోతే వాళ్ళు వీడియో చూసి నేర్చుకున్నారు. అప్పటినుంచి ఎవరు అడిగినా ఇలా కూర్చుని మొత్తం చెప్తున్నాను.

ఇప్పుడు మీ తమ్ముడికి ఏం చేయాలన్నది చూద్దాం.

మీ ఉత్తరంలో ఒక మాట నాకు ముల్లులా తగిలింది: "ఎనిమా రాశారు కానీ వాడు సిగ్గుపడి వాడలేదు." అమ్మా, ఎడమ వైపు మాత్రమే ఉన్న కొలైటిస్‌కు మెసలమిన్ ఎనిమా అసలైన మందుల్లో ఒకటి. మాత్ర ఒక్కటే, ఎనిమా ఒక్కటే వాడటం కన్నా రెండూ కలిపి వాడితే ఎక్కువ మందికి తగ్గుతుంది. మందు నేరుగా పుండు మీదే పడుతుంది. మనవైపు మగపిల్లలు దీన్ని వాడమంటే చచ్చినంత సిగ్గుపడతారు. హాస్టల్లోనో, నలుగురితో కలిసి ఉండే గదిలోనో ఉంటే మరీనూ. అక్కతో చెప్పుకోలేని సిగ్గు అయితే, వాడికి తోడున్న బావగారితోనో స్నేహితుడితోనో మాట్లాడించండి.

పద్ధతి ఇది. రాత్రి పడుకునే ముందు దొడ్డికి వెళ్ళిరావాలి. సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, బాగా కుదపాలి. ఎడమ పక్కకు తిరిగి, కింది కాలు చాపి, పై కాలు మడిచి పడుకోవాలి. మొనకు కొంచెం వాజలిన్ రాసి, మెల్లగా పెట్టి, మెల్లగా పిండాలి. అరగంట అలాగే ఉండి నిద్రపోవాలి. మొదటి మూడు నాలుగు రాత్రులు నిలవకపోవచ్చు, పక్క తడవొచ్చు, పాత దుప్పటి వేసుకోమనండి. మంట తగ్గేకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. వారం వాడి పనిచేయలేదని ఆపేస్తారు చాలామంది. నాలుగు నుంచి ఆరు వారాలు వాడాలి. శ్రీకాకుళంలో షాపుల్లో ఒక్కోసారి దొరకదు. ముందే ఆర్డరు పెడితే విశాఖ నుంచి తెప్పిస్తారు. అయిపోయే దాకా ఆగకండి.

రెండోది, ఏడాదికి మూడుసార్లు స్టెరాయిడ్. ఇది ఇంక చాలు. స్టెరాయిడ్ మంటను ఆర్పుతుంది కానీ జబ్బు రాకుండా ఆపలేదు. వాడిన ప్రతిసారీ ఎముకలు, షుగరు, కళ్ళు, మనసు అన్నీ దెబ్బ తింటాయి. ఏడాదిలో రెండోసారి అవసరం పడిందంటేనే పై మెట్టు మందుకు వెళ్ళాలి. అజాథయోప్రిన్, టోఫాసిటినిబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, వెడోలిజుమాబ్, ఇలా చాలా ఉన్నాయి. ఏది అన్నది రిపోర్టులు, ఖర్చు చూసి డాక్టరు నిర్ణయించాలి. టోఫాసిటినిబ్‌కు మన దేశంలో తయారైన చవక రకాలు వచ్చాయి. అజాథయోప్రిన్ పనిచేయడానికి మూడు నెలలు పడుతుంది, ఈలోగా తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు. మన భారతీయుల్లో దీనికి కారణమైన ఒక జన్యు తేడా ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. అందుకే మొదటి రెండు నెలలు రక్తపరీక్ష దగ్గర దగ్గరగా చేయించాలి. ఈ మందులేవైనా మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్ బి ఉన్నాయేమో చూడాలి. నిద్రపోతున్న టీబీ ఇన్‌ఫ్లిక్సిమాబ్, టోఫాసిటినిబ్ వంటివాటితో లేచి కూర్చుంటుంది.

వాటికన్నా ముందు, ఇప్పుడు పడుతున్న నెత్తురు కొలైటిస్‌దేనా అన్నది తేల్చాలి. అమీబా వల్ల కావొచ్చు. చెన్నైలో వాడిన యాంటీబయాటిక్ వల్ల వచ్చిన డిఫిసిల్ కావొచ్చు, అది ఉంటే వైద్యమే మారిపోతుంది. స్టెరాయిడ్ ఎక్కువ వాడినవాళ్ళలో సైటోమెగలోవైరస్ కూడా చేరుతుంది. మల పరీక్ష, డిఫిసిల్ పరీక్ష, రక్తపరీక్షలు, పేగులో మంట ఎంత ఉందో తెలిపే మలంలోని క్యాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, వీలైతే పేగు చివరి భాగం వరకే చూసే సిగ్మాయిడోస్కోపీ, బయాప్సీ చేయించండి. మొదట రెండేళ్ళు మొలలని వైద్యం చేశారని రాశారు. మనవైపు ఇది చాలామంది విషయంలో జరుగుతోంది. నెత్తురు పడగానే మొలలని ఇంజెక్షన్ పొడిపించుకుని, ఏళ్ళు గడిచాక కొలనోస్కోపీకి వస్తున్నారు.

మీ అమ్మగారి పుట్టిల్లు కవిటి అని రాశారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంతో రక్తసంబంధం ఉంది కాబట్టి మూత్రపిండాల మీద నేను ఒక కన్ను ఎక్కువ వేస్తాను. మెసలమిన్ అరుదుగా కిడ్నీని దెబ్బతీస్తుంది. క్రియాటినిన్, మూత్ర పరీక్ష ఇప్పుడు ఒకసారి, ఆ తర్వాత కనీసం ఆరు నెలలకోసారి చేయించండి. ఒళ్ళు నొప్పులని ఊళ్ళో డాక్టరు దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మాత్రం వేయించుకోనివ్వకండి. కిడ్నీకీ చేటు, కొలైటిస్ కూడా దానితో రాజుకుంటుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు.

రోజుకు విరేచనాలు ఆరుగానీ అంతకన్నా ఎక్కువగానీ అయి, వాటిలో నెత్తురు ఉండి, దానికి తోడు జ్వరమో, నాడి నిమిషానికి 90 దాటడమో, రక్తం బాగా తగ్గడమో ఉంటే అది అత్యవసరం. పొట్ట ఉబ్బినా అంతే. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా అప్పుడే అంబులెన్స్ పిలిచి, సర్జరీ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇవన్నీ సరిగ్గా చేశాక కూడా జబ్బు సగం సగంగా మిగిలి ఉంటే, అప్పుడు మలమార్పిడి గురించి నేనే మాట్లాడతాను. శ్రీకాకుళంలోగానీ విజయనగరంలోగానీ దీన్ని ఎవరైనా చేస్తామంటే తొందరపడకండి. దాతకు ఏమేం పరీక్షలు చేశారు, ఎంతమంది దాతలు, ఎన్నిసార్లు ఇస్తారు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు అని కాగితం మీద రాసివ్వమని అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. దీనికి సరైన చోటు ట్రయల్. మన దేశంలో జరిగే ట్రయల్స్ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదవుతాయి. ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. పరీక్షిస్తున్న చికిత్సకు మీ దగ్గరే డబ్బు అడిగితే అది ట్రయల్ కాదని అనుమానించండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ పని చేస్తున్న విభాగం ఉంది. రైల్లో వెళ్ళి చూపించుకుని వచ్చినవాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారు. కానీ వారం వారం అన్నిసార్లు కొలనోస్కోపీ అంటే అక్కడ రెండు నెలలు మకాం పెట్టాలి. ఆ సంగతి ముందే లెక్క వేసుకోండి.

తిండి గురించి. నెత్తురు పడుతున్న ఈ రోజుల్లో మెత్తటి అన్నం, పలుచటి పప్పు, ఇడ్లీ, గుడ్డు, చేప, బాగా ఉడికిన బీరకాయ, సొరకాయ, అరటిపండు పెట్టండి. పచ్చి కూరగాయలు, పళ్ళ తొక్కలు కొన్నాళ్ళు ఆపండి. ఒంట్లో బలం పడిపోతుంది కాబట్టి చేప, గుడ్డు మానిపించకండి. జబ్బు అణిగాక మెల్లగా పీచు పెంచుకుంటూ రావాలి. ఎయిమ్స్‌వాళ్ళు పెట్టిన తిండిలో ప్యాకెట్ సరుకులు, పంచదార, మైదా, గోధుమ, పాలు తగ్గించి, పళ్ళు, కూరగాయలు, పులిసిన పదార్థాలు పెంచారు. మన ఇళ్ళలో చోడి (రాగి) అంబలి, తరవాణి, చద్దన్నం ఆ దారిలోవే. చోడి అంబలి మాత్రం నెత్తురు ఆగాకే, పలుచగా, కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. అంబలితో జబ్బు పోతుందని నేను చెప్పను. చెన్నైలో రోజూ రాత్రి తిన్న పరోటా, చిప్స్, కూల్‌డ్రింకుల స్థానంలో అది వస్తే మాత్రం పేగుకు మేలే. అన్నిటికీ అది తినకూడదు, ఇది తినకూడదు అని పెట్టుకుంటూ పోతే పిల్లాడు ఎండిపోతాడు, అది గుర్తుంచుకోండి.

చివరిది పెళ్ళి. చేయొచ్చు. జబ్బు అణిగి ఆరు నెలలైనా స్టెరాయిడ్ లేకుండా గడిచాక సంబంధాలు చూడండి, ముందు కాదు. తండ్రికి ఈ జబ్బు ఉన్నంత మాత్రాన పిల్లలకు వచ్చే అవకాశం మామూలు కన్నా కొంచెం ఎక్కువే కానీ, నూటికి 95 మందికి పైగా పిల్లలకు రాదు. ఖర్చు తగ్గుతుందని ఎవరైనా మెసలమిన్ బదులు సల్ఫాసలజిన్‌కు మారిస్తే, పెళ్ళయ్యాక పిల్లలు కావాలనుకునే రోజుల్లో ఆ సంగతి డాక్టరుకు గుర్తుచేయండి. అది వాడినంత కాలం వీర్యకణాలు తగ్గుతాయి, ఆపితే రెండు మూడు నెలల్లో మామూలవుతాయి. మెసలమిన్‌తో సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు. జబ్బు సంగతి అమ్మాయి వాళ్ళకు ముందే చెప్పండి. రాత్రిళ్ళు ఎనిమా పెట్టుకోవాల్సిన మనిషి భార్య దగ్గర దాచి వాడలేడు, మందు ఆపేస్తాడు. నా దగ్గర పెళ్ళయిన మూడు నెలలకే జబ్బు తిరగబెట్టి వచ్చిన కుర్రాళ్ళలో ఎక్కువమంది కథ ఇదే.

ఈ వారంలో మల పరీక్షలు, రక్తపరీక్షలు చేయించి, ఎనిమా ఈ రాత్రి నుంచే మొదలుపెట్టమనండి. క్యాల్‌ప్రొటెక్టిన్, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ అంకెలు, పాత కొలనోస్కోపీ, బయాప్సీ రిపోర్టులు దగ్గర పెట్టుకుని మళ్ళీ రాయండి. పై మెట్టు మందుల్లో మీ తమ్ముడికి ఏది సరిపోతుందో అవి చూశాక చెప్తాను.